మామ రుమాల్, ఎర్రకారు పైగుడ్డ

ఈ సంగతి రాసిపెట్టక తప్పేలా లేదు. మా ఇళ్లలో ఏ శుభకార్యం జరిగినా మా మేనమామ పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఎర్రకారు తనవల్లే బతికిందని చెబుతున్నాడు. వినేవాళ్లు తలూపుతున్నారు. గ్రంథాలయంలో కూర్చుని ఎవరూ చెప్పకుండానే సగం లోకవిద్యలు నేర్చుకున్నవాణ్ని నేనొకణ్ని ఉండగా, చరిత్ర ఇలా దారి తప్పడం బాగుండదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నేను నల్లగండ్లలో అక్కావాళ్ల ఫ్లాట్‌లో ఉండేవాణ్ని. వారమంతా ఆఫీసులో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం, సెలవు రోజున గ్రంథాలయంలో చేతికందిందల్లా చదవడం, ఇదే బతుకు. తేనెటీగల పెంపకం చదివాను, గడియారాల మరమ్మతు చదివాను, ఓడల నిర్మాణం కూడా చదివాను (అప్పటికి నేను సముద్రం చూడలేదు). చేత్తో చేసింది మాత్రం ఒక్కటీ లేదు. మామది నానక్‌రామ్‌గూడ. తాము జొన్నలు పండించిన చోట అద్దాల మేడలు లేచాక, ఆయన సరదాపడి ఎవరో వాడి వదిలేసిన రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండు ఎండాకాలాలకే దాని లోపల పైకప్పుకు అంటించిన గుడ్డ ఊడి, వానకు తడిసిన షామియానాలా కిందికి జారింది. వెనక అద్దం కనబడదు. గుండుసూదులు గుచ్చి ఆపితే స్పీడ్‌బ్రేకర్‌కొక సూది చొప్పున ఒళ్లో రాలేది. మామ విసిగిపోయాడు.

"ఆదివారం తుక్కోడు వస్తుండు. ఇచ్చి పడేస్త," అన్నాడు.

"నేను బాగుచేస్త మామా. పుస్తకంల చదివిన."

"ఈత గూడ పుస్తకంలనే నేర్చుకున్నవ్ గద అల్లుడు. ఏమైంది?" (ఆ విషయం ఇక్కడ అప్రస్తుతం.)

నా మొహం చూసి ఆయనే మెత్తబడ్డాడు. "సరే. ఆదివారం పొద్దుగాల రుమాల్ కట్టుకొని అండ్ల కూసుంట. కొండాపూర్ దాక పోదాం. నా రుమాల్‌కు గుడ్డ తాకిందా, బండి తుక్కుకే. తాకకుంటే నువ్వే ఉంచుకో." రుమాల్ అంటే తలపాగా. నిద్రలో, గుడిలో తప్ప మామ దాన్ని తీయగా ఎవరూ చూడలేదు.

కారు తెచ్చుకుని రెండు రోజులు సెలవు పెట్టాను. సీట్లు పూర్తిగా వెనక్కి వాల్చి, గుడ్డ అంటించి ఉండే పెద్ద అట్టను వెనక డిక్కీ తలుపులోంచి బయటికి లాగి, డాబా మీదికి మోశాను. పాత గుడ్డ పీకేస్తే దానికింది స్పాంజి పొడిపొడిగా, పసుపులా ఒంటినిండా రాలింది. "ఏందిరా, బోనాల్ల పోతరాజు లెక్క తయారైనవ్?" అంది అక్క. నేను పట్టించుకోలేదు. మంచి ఎండ ఉన్న రోజు చూసుకుని ఆరుబయట అంటించాలని పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఎండకేం కొదవ? మే నెల, మిట్టమధ్యాహ్నం. గుడ్డ పరిచేలోపే ఒక పక్క గమ్ ఎండి పెళుసెక్కింది, ఇంకో పక్క పాకంలా కారింది. గంటకల్లా గుడ్డ పూరీల్లా పొంగింది. అప్పుడు మొదటి పేజీ తిప్పి చూశాను. రాసినాయనది సగం ఏడాది మంచు కురిసే దేశం. ఆయన మంచి ఎండ అన్నది మన సంక్రాంతి సాయంత్రాన్ని.

శనివారం షేర్ ఆటోలో కొండాపూర్‌కు పరుగెత్తాను. అక్కడ ఆటోలకు టాపులు కుట్టే సీటుకవర్ల చాచా నా కథంతా విని, పుస్తకాన్ని కాసేపు అటూఇటూ తిప్పి చూసి, మర్యాదగా తిరిగిచ్చాడు.

"మే నెలల డాబా మీద అంటిస్తే చెప్పు అడుగు గూడ ఊడుతది బేటా. ఎండకాగే గమ్ ఇస్త. నీడల పెట్టు. గమ్ మీద వేలు పెడితే జర పట్టుకోవాలె గని వేలుకు అంటొద్దు. అప్పుడు గుడ్డెయ్యి. ఫికర్ చేయకు."

మా సెల్లార్‌లో వాచ్‌మన్ తాత రెండు బైకులు జరిపి చల్లటి మూల ఒకటి ఖాళీ చేసిచ్చాడు. చాచా చెప్పినట్టే గమ్ పూశాను, కొత్త గుడ్డ పరిచాను. మధ్యలోంచి అంచులకు ఒత్తాలని నాకు తెలుసు, నా చేతులకే తెలియదు. ఒక ముడత పోతే రెండు లేచాయి. అన్నానికి పిలవడానికి దిగొచ్చిన అక్క చూస్తూ నిలబడలేకపోయింది.

"జరుగు. బట్టలుతుకుతున్నట్టు గుద్దుతవేందిరా?"

కొంగు బిగించి కూర్చుని, గిన్నె అడుగున సర్వపిండి రొట్టె అద్దినట్టు మునివేళ్లతో మధ్యలోంచి అంచులదాకా అద్దుకుంటూ పోయింది. ముడత అన్నది లేదు. అంతా అయ్యాక అలవాటుకొద్దీ, రొట్టెలో నూనె పోయడానికి పెట్టినట్టు, మధ్యలో చిల్లు పెట్టడానికి చూపుడువేలు లేచింది. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. గమ్ ఆరాక అట్టను మళ్లీ కారులో బిగించాను.

ఆదివారం మామ ఇస్త్రీ చేసిన తెల్లరుమాల్ కట్టుకుని వచ్చి కారులో కూర్చున్నాడు. కూర్చోగానే రుమాల్ వెళ్లి పైగుడ్డకు ఆనింది. గుడ్డ జారి కాదు, కారే పొట్టిది. గుడ్డ బిగుతుగా ఉన్నా, పందెం లెక్కన నేను ఓడినట్టే. బండి తీశాను. ఎనిమిది స్పీడ్‌బ్రేకర్లు దాటాం. గుడ్డ వెంట్రుకవాసి కదల్లేదు. మామ చెయ్యెత్తి దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరాడు, అక్కడక్కడా గట్టిగా లాగి చూశాడు.

"తాకుతుంది అల్లుడు," అన్నాడు కొండాపూర్ దగ్గర పడుతుండగా.

"తాకుతుంది మామా," అన్నాను.

మామ నెమ్మదిగా రుమాల్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నున్నటి గుండు మీద పొద్దుటి ఎండ మెరిసింది. "ఇప్పుడు తాకుతలేదు. నడువు." ఫోన్ తీసి తుక్కువాడికి చేశాడు. "రాకు. బండి మా అల్లునిది." అద్దాలు దించి, మేడల మధ్యనుంచి హారన్ కొట్టుకుంటూ తిరిగొచ్చాం. ఊరేగింపులో ఏనుగెక్కినవాడు కూడా అంత నిటారుగా కూర్చుని ఉండడు.

ఎర్రకారు ఇప్పటికీ మా సెల్లార్‌లోనే ఉంది. పైగుడ్డ అలాగే ఉంది, కింద కూర్చునేవాడి జుట్టే పలచబడింది. ఎక్కినప్పుడల్లా చెయ్యెత్తి ఒకసారి నిమురుతాను. అన్నీ చదివేసి దేన్నీ ముట్టుకోని ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. గమ్ ఇచ్చిన సీటుకవర్ల చాచాకు, చోటిచ్చిన వాచ్‌మన్ తాతకు, వేళ్లిచ్చిన సర్వపిండి అక్కకు, పాపం ఎండంటే ఏమిటో తెలియని ఆ మంచుదేశపు పెద్దాయనకు నా కృతజ్ఞతలు. ఇక రుమాల్ మామకు. కారు తనవల్లే బతికిందని చెప్పేటప్పుడు ఆయన రుమాల్ తీసిన ముక్క మాత్రం ఎప్పుడూ చెప్పడు. నేనూ అడ్డం పడను. అందరికంటే ముందు తలూపేది నేనే.