ఆపా నా చేతికిచ్చిన సాల్డరింగ్ కడ్డీ

తీగలు అతికించే సాల్డరింగ్ పొగ వాసన తగిలితే చాలు, ఆత్మకూరులో ఉన్న నేను ఉదయగిరి బస్టాండు పక్కన జైబున్నీసా ఆపా కొట్లోకి వెళ్ళిపోతాను. మిక్సీలు, ఫ్యాన్లు, రేడియోలు బాగుచేసేదామె. ఊరంతా పిలిచినట్టే నేనూ ఆపా, అంటే అక్కా, అనేదాన్ని. పందొమ్మిదో ఏట జబ్బుచేసి నా చూపు పోయింది. ఆ తరవాత ఇంట్లో నన్ను పొయ్యి దగ్గరికి కూడా రానివ్వలేదు. ప్రేమతోనే. ఆ ప్రేమలో నాకు ఊపిరాడేది కాదు.

కంప్యూటర్ కోర్సులో చేరాక అరచేతిలో పట్టే చిన్న బోర్డు కంప్యూటర్ తెప్పించుకున్నాను. దానికి తెర అక్కర్లేదు. చదివి వినిపించే ప్రోగ్రాం ఉన్న మెమరీ కార్డు పెడితే ఇయర్‌ఫోన్‌లో అదే మాట్లాడుతుంది. కొట్టుకి తీసుకెళ్ళి ఆపాను బిగించిపెట్టమన్నాను.

"నేను పెట్టను. తడుముకో," అన్నది.

తడిమాను. చదరపు రంధ్రాలు నాలుగు, గుండ్రటిది ఒకటి, అడుగున కార్డు దూరే సన్నటి సందు. కార్డు దూర్చి కరెంటు ఇచ్చాను. ఇయర్‌ఫోన్‌లో చప్పుడు లేదు.

"లైటు వెలుగుతోందా ఆపా?"

"ఈరోజు నేను చెప్తా. రేపు ఎవురు చెప్తారు?" అంటూ పాత అలారంలోంచి బజర్ ఊడదీసి, ఒక మీటతోపాటు నా చేతిలో పెట్టింది. "మీట నొక్కితే ఇది కూయాల. కూస్తే కరెంటు ఉండాదని. నువ్వే అతికించు," అని సాల్డరింగ్ కడ్డీ అందించింది.

బాగుచేయించను ఫ్యాను తెచ్చినాయన అదిరిపడ్డాడు. "ఏందమ్మా, కళ్ళు లేని పిల్ల చేతికి కాలే కడ్డీ ఇస్తివే!"

"కళ్ళుండి కూడా నా చేతులు ఎన్నిసార్లు కాలినాయో ఎప్పుడన్నా అడిగినావా? ఫ్యాను ఆడ పెట్టిపో."

నా వేలు కాలింది. "నీళ్ళలో ముంచి మళ్ళీ పట్టుకో," అన్నది, అంతే. మూడోరోజు బజర్ కూసింది. కరెంటు ఉంది, మాట లేదు. అయితే తప్పు కార్డు దగ్గరే. తీసి గట్టిగా నెట్టాను. కాసేపటికి చెవిలో గొంతు పలికింది. ఎవరూ చెప్పకుండా నేనే పట్టుకున్న మొదటి తప్పు అది. ఏడ్చేశాను.

ఆత్మకూరులో ప్రాక్టికల్ పరీక్ష రోజు ఆపా నాతో వచ్చింది. "నువ్వు నోటితో చెప్పమ్మా, ఇంకొకరు టైపు చేస్తారు," అన్నాడు పరీక్ష పెట్టే ఆయన.

"చేతులున్నాయి సార్," అన్నాను.

నా బోర్డు బల్లమీద పెట్టి, కీబోర్డు, ఇయర్‌ఫోన్ తగిలించి పని మొదలుపెట్టాను. ఫోనులో ఎవరో చెప్తున్నారని ఆయనకు అనుమానం. ఇయర్‌ఫోన్ పీకి స్పీకర్ తగిలించాను. హాలంతా వినబడింది. "అన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టు," అన్నాడు. ఊడదీసి మళ్ళీ పెట్టాను. మార్కులు వేశాడు.

బస్సెక్కాక ఆపా మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. "బజర్ తీగ ఒకటి వదులుగా ఉండాది. చూసుకో," అన్నది.

పోయినేడు ఆపా పోయింది. ఇప్పుడు నేను పరీక్ష రాసిన ఆ ఆత్మకూరులోనే కంప్యూటర్ నేర్పుతున్నాను. ఇప్పటికీ ఎవరో ఒకరు జాలిపడి నా చేతిలోది లాక్కుని, "ఇటివ్వండి, పాడైపోతుంది," అంటుంటారు. మర్యాదగానే వెనక్కి తీసుకుంటాను. పాడైతే కానివ్వండి. బాగుచేసుకోవడం నాకు వచ్చు.