మగవాడి అడుగులు నేర్చుకున్న మా టీచర్

పోయిన నెల ఒక ఉదయం మా డాన్సు టీచర్ గారి తమ్ముడు ఫోన్ చేశాడు. ఆయనకు ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఉంది. చేపల వేట నుంచి వచ్చేసరికే అంతా అయిపోయిందట.

"అక్క నేదండీ. టీ ఇద్దామని మాయావిడ లేపితే లెగనేదు."

నేను పరవాడ వెళ్లే కంపెనీ బస్సులో ఉన్నాను. డ్రైవరుతో చెప్పి దారిలోనే దిగిపోయాను.

వాల్ట్జ్, రుంబా, చాచాచా లాంటి విదేశీ జంట డాన్సులు నేర్పే ఆవిడ అంటే ఏ పెద్దింటి మనిషో అనుకుంటారు. మా టీచర్ చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టారు. ఇంట్లో టైపు నేర్చుకుంటున్నానని చెప్పి, నేవీలో రిటైరైన ఒక పెద్దాయన దగ్గర ఈ డాన్సులు నేర్చుకున్నారు. స్టీల్‌ప్లాంటు ఉద్యోగి ఒకాయనతో జంట కట్టి కలకత్తా, బెంగళూరు పోటీల్లో పతకాలు తెచ్చారు. పరాయి మగాడి చేయి పట్టుకుందని పేటలో అన్న మాటలకు వాళ్లమ్మ చాలాకాలం గడప దాటలేదట. తర్వాత ఆ జోడీ ఆయనకు పెళ్లయింది. భార్యకు ఇష్టం లేక డాన్సు మానేశాడు. టీచర్‌కి మరో జోడీ దొరకలేదు.

ఆవిడ ఏడవలేదని నేను రాయను. ఏడ్చానని ఆవిడే చెప్పేవారు. ఏడుస్తూనే, జంటలో మగవాడు వేసే అడుగులన్నీ నేర్చుకున్నారట. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన హాలు తీసుకుని ఆడవాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. డాక్టరు బరువు తగ్గమంటే నేనూ వెళ్లాను. కింద పరీక్షలు జరుగుతుంటే పాట పెట్టేవారు కాదు, తాళం నోటితో గొణుగుతూ నడిపించేవారు. నేను నేల చూస్తే గడ్డం పట్టి పైకెత్తేవారు.

"నీ కాళ్ల సంగతి నాను సూసుకుంతాను. నువ్వు మొకం ఎత్తు పిల్లా. నడపడమంటే తొయ్యడం కాదు, తోవ సూపించడం."

ఒకసారి, "బెంగళూరు పోటీకి మనిద్దరం ఎల్తన్నాం" అన్నారు.

"ఆడవాళ్లిద్దరిని జంటగా ఒప్పుకుంటారా టీచర్?"

"బాగా ఆడితే ఎందుకొప్పుకోరే?"

ఒప్పుకోలేదు. పేర్లు రాసుకునే బల్ల దగ్గరే ఆపేశారు. కావాలంటే విరామంలో సరదాగా ఆడుకోమన్నారు, మార్కులుండవన్నారు. టీచర్ సరేనన్నారు. జనం టీ తాగుతూ కుర్చీలు జరుపుకుంటుంటే మేము వాల్ట్జ్ ఆడాం. నా వీపు మీద ఆవిడ చేయి నిలకడగా తోవ చూపిస్తూనే ఉంది. చప్పట్లు కొట్టారు. బాగానే కొట్టారు.

తిరుగు రైల్లో విజయవాడ దాటాక ఆవిడ కిటికీ వైపు తిరిగి, "గెలుత్తానని ఎల్లనేదే నాను. ఓడిపోయినా ఇంత బాద ఉండకపోను. ఆల్లు నన్ను ఓడిపోనివ్వను కూడా నేదు" అన్నారు. నేను ఆవిడ చేయి పట్టుకున్నాను.

తర్వాత గుండె జబ్బు వచ్చింది. డాక్టరు ఆడవద్దంటే కుర్చీలో కూర్చుని, అరచేతులనే పాదాల్లా గాలిలో కదుపుతూ నేర్పారు. ఊపిరి అందనప్పుడు చేతులు ఆగేవి. మేమూ ఆగి నిలబడేవాళ్లం.

ఆవిడ పోయిన రోజు వాళ్ల పేటలో ఎవరూ మళ్లీ వేటకు వెళ్లలేదు. అప్పట్లో మాటలన్నవాళ్లలో ఒక ముసలమ్మ టీచర్ పాదాలకు పసుపు రాస్తూ, "ఈ కాళ్లు ఎంత బాగా ఆడేవో అంతారు. ఒక్కనాడూ సూడనేదే తల్లీ" అని ఏడ్చింది.

కర్మ అయిన మర్నాడు సాయంత్రం హాలు సర్దుదామని తాళం తీశాను. మెట్లెక్కి ఒక నడివయసావిడ వచ్చింది. టీచర్‌తో ముందే ఫోన్లో మాట్లాడిందట.

"టీచర్ గారున్నారాండీ? నాకేటీ రాదని సెప్పాను. పర్లేదు, రమ్మన్నారు."

టీచర్ పోయారని నేను చెప్పేలోపే ఆవిడ చెప్పులు గుమ్మం బయట విడిచి, సంచిలోంచి కొత్త బూట్లు తీసి, గోడవారగా నేల మీద కూర్చుని ఒక్కొక్కటే తొడుక్కోవడం మొదలుపెట్టింది.