పాపాయమ్మ ఒట్టు

ఆ ఏడాది రాయగడకి స్వాతంత్ర్య దినోత్సవం ఇరవై నిమిషాలు ముందొచ్చింది.

మున్సిపాలిటీ ఆఫీసు ముందు జెండా మడిచి, లోపల బంతిపూల రేకులు పోసి, కర్ర చివరికి ఎక్కించి, తాడు కిందికి వదిలి, అందరూ చైర్మన్‌గారి కోసం చూస్తున్నారు. ఈలోగా శానిటరీ ఇన్‌స్పెక్టరుకి ఓ మూల అరటితొక్క కనిపించింది.

"ఇక్కడ ఊడ్చిందెవరు?"

"నానే బాబూ. అద్దంలాగ ఊడ్సేను" అంది పాపాయమ్మ.

"అబద్ధం."

పాపాయమ్మ చుట్టూ చూసింది. చేతికందే దూరంలో పవిత్రమైన వస్తువు జెండా తాడొక్కటే ఉంది. "ఈ తాడు మీద ఒట్టు!" అని పట్టుకుని గుంజింది.

జెండా విచ్చుకుంది. రేకులన్నీ పాపాయమ్మ నెత్తిన పడ్డాయి. జెండా ఎగిరింది కదా అని బడిపిల్లలు జాతీయగీతం అందుకున్నారు. పిల్లలు అందుకున్నారు కదా అని పెద్దలు బిగుసుకుని నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే చైర్మన్‌గారి రిక్షా మలుపు తిరిగింది. ఆయన దేశభక్తి గల మనిషి, రిక్షాలోనే లేచి నిలబడ్డారు. రిక్షావాడికీ దేశభక్తి తక్కువేం కాదు. హేండిల్ వదిలేసి, కిందికి దిగి నిలబడ్డాడు. అక్కడ రోడ్డు పల్లం. చైర్మన్‌గారు నిలబడిన మనిషి నిలబడినట్టే బస్టాండు దాకా వెళ్ళారు.

పాపాయమ్మకి ఉన్న జబ్బల్లా ఇదొక్కటే. ఒట్టు లేనిదే ఆవిడ నోట మాట రాదు.

ఆ రోజు జనంలో నిలబడి, నవ్వాపుకోలేక దగ్గుతూ దొరికిపోయినవాడు గోవిందరావు. విజయనగరం నుంచి ఈ ఒరిస్సా ఊరికి వచ్చి సైకిలు షాపు పెట్టాడు. పంక్చర్లు వేయడం పొట్టకూటికి, ఎలక్షన్లు మనశ్శాంతికి. పదేళ్ళుగా తెలుగు లైనులో ఎవరి ఓటు ఎటు పడుతుందో చెప్పగలిగినవాడు తనొక్కడేనని అతని నమ్మకం. మున్సిపాలిటీలో రోడ్లూడ్చేవాళ్ళూ, రైల్వే కూలీలూ, వాళ్ళ సంసారాలూ ఉండే వీధి అది. పాపాయమ్మ ఇల్లు మొదట్లోనే.

ఆవిడ ఒట్లలో హోదాలున్నాయి. చిన్నా చితకా విషయాలకి చీపురు మీద ఒట్టు. జీతం, సెలవు లాంటి వాటికి ఆఫీసు కుర్చీ మీద. పరువుకి సంబంధించిందైతే ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మ మీద. ఆ చివరిది వేసిందంటే ఇక ఇన్‌స్పెక్టరు కూడా మాట్లాడడు. ఎందుకంటే ఒట్టేసి తప్పడం పాపాయమ్మ చరిత్రలో లేదు.

ఓసారి పక్కింటి చిలకమ్మతో పేడకడి దగ్గర తగువొచ్చింది. "నీ గుమ్మం తొక్కితే ఒట్టు!" అనేసింది పాపాయమ్మ. సాయంత్రానికి ఇద్దరూ కలిసిపోయారు. కలిసిపోయినా గుమ్మం గుమ్మమే. అప్పట్నించీ అరవయ్యేళ్ళ పాపాయమ్మ చిలకమ్మ ఇంటికి కిటికీలోంచి వెళ్తుంది. గోవిందరావు ఒకసారి అటు వెళ్తూ, కిటికీలో సగం లోపలా సగం బయటా ఉన్న పాపాయమ్మని చూసి ఆగిపోయాడు.

"ఇదేం పనే పాపాయమ్మా?"

"గుమ్మం తొక్కనన్నాను గానీ బాబూ, కిటికీ ఎక్కనన్నానేటి? కూసింత ఎనకనించి తొయ్యండి."

తోశాడు.

ఎమర్జెన్సీ పోయాక వచ్చిన మున్సిపాలిటీ ఎలక్షన్లలో ఆ వార్డుకి జగ్గారావుగారు నిలబడ్డారు. ఆయనకి పదకొండు లారీలు. అవి ఆపుకోడానికి చోటు లేదు. గెలిస్తే తెలుగు లైను ఖాళీ చేయించి లారీల స్టాండు పెట్టిస్తారని ఊరంతా తెలుసు. తెలుగు లైనుకి మరీ బాగా తెలుసు. ఎదురు నిలబడ్డవాడు దర్జీ సన్యాసయ్య. ఆయన గుర్తు గొడుగు. జగ్గారావుగారు ఏరికోరి దీపం గుర్తు తెచ్చుకున్నారు.

"పొద్దున్నే దీపం పెట్టని ఇల్లుంటుందిటయ్యా? మనది దేవుడి గుర్తు" అన్నారు గోవిందరావుతో. "అయినా ఆ లైను మీద నాకు నమ్మకం లేదు. అమ్మవారి మీద ఒట్టేయించు. ఒట్టేసి తప్పితే పిల్లలకి కీడని భయపడే జనం. ఇది నీ పూచీ."

గోవిందరావుకి ఆ పని అంత రుచించలేదు. కానీ పూచీ అన్నాక పరువు. ఇత్తడి పళ్ళెంలో మజ్జిగౌరమ్మ కుంకుమ, మూడు కర్పూరం బిళ్ళలు పెట్టుకుని ఆదివారం పొద్దున్న తెలుగు లైనుకి వెళ్ళాడు. వీధి మొగలోనే అందరూ పోగయ్యారు. మొగాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకకెత్తుకున్నారు.

మొదట కాస్త ఉపన్యాసం ఉంటే బాగుంటుందనిపించింది అతనికి. "అమ్మలారా! ఓటంటే మాటలు కాదు. అది భారతమాత సేవ!"

"ఆ అమ్మోరికి ఏ వారం బాబూ?" అంది పాపాయమ్మ ముందు వరసలోంచి.

"ఏ అమ్మవారికి?"

"మీరు సెప్పే బారతమ్మకి. మంగళారమా, ఆదివారమా? కోడిని కోత్తారేటి?"

"కొయ్యరు. వారం లేదు. ఆగస్టు పదిహేనుకి జెండా ఎగరేస్తారు."

"ఏడాదికి ఒక్కపాలేనా? పాపం. మరి ఆ తల్లి తెలుగు మాటాడతాదా, ఒరియావా?"

"అన్ని భాషలూ మాట్లాడుతుంది. మనందరి తల్లి కదా."

"తెలుగూ, ఒరియా, హిందీ అన్నీనా?" పాపాయమ్మ చిలకమ్మ వైపు తిరిగింది. "అయితే రాయగడలోనే పుట్టుంటాదే!"

ఉపన్యాసం అక్కడితో ముగిసింది. గోవిందరావు కర్పూరం వెలిగించి, దగ్గర్లో ఉన్న చిలకమ్మ ముందుకి పళ్ళెం చాపాడు. "ఒక్కొక్కరే రండి. మంట మీద చెయ్యి పెట్టి, అమ్మవారి మీద ఒట్టు, దీపానికే ఓటు అనండి."

చిలకమ్మ చంకలో పిల్ల, రెండ్రోజులుగా జ్వరం. తల్లి చెయ్యి సగం లేచి ఆగిపోయింది. అడుగు ముందుకి పడదు, వెనక్కీ పడదు.

"తప్పుకోయే! పెద్దదాన్ని నానుండగా నీకేటి తొందర?" అంటూ పాపాయమ్మ ఆమెని మోచేత్తో నెట్టి, జనాన్ని చీల్చుకుని వచ్చి, మూడు బిళ్ళల మీదా అరచెయ్యి మోపి అదిమింది. "మజ్జిగౌరమ్మ మీద ఒట్టు! దీపానికే ఓటు! ఈ ఈధి ఒట్టంతా నా నెత్తి మీదున్నాది!"

మంట ఆరిపోయింది.

"అయిపోనాది బాబూ. ఇంకెల్లండి."

"మరి మిగతావాళ్ళు..."

"సల్లారిపోయిన కర్పూరం మీద ఏటి ఒట్టేత్తారు, అపచారం కాదా?"

గోవిందరావు పళ్ళెం కేసి చూశాడు, వాచీ కేసి చూశాడు. ఇంకా మూడు వీధులున్నాయి. పైగా ఒట్టేసింది పాపాయమ్మ. "పెద్దదానివి. నువ్వేస్తే వీధంతా వేసినట్టే" అన్నాడు.

"మీరెలాగనుకుంటే అలాగే బాబూ."

అతను మలుపు తిరిగేసరికి వెనకనించి తిట్లు వినపడ్డాయి. "ఓలమ్మో, మా నోళ్ళు పడిపోనాయేటి నువ్వేసీడానికి!" "ఒట్టు కనబడితే ఆగలేదు గదా ముసిల్ది!" గోవిందరావు నవ్వుకుంటూ వెళ్ళి, తెలుగు లైను మొత్తం మనదేనని జగ్గారావుగారికి చెప్పాడు.

తెలుగు లైనుకి ప్రైమరీ స్కూల్లో వేరే బూతు. గోవిందరావు అక్కడ దీపం తరపు ఏజెంటు. ప్రిసైడింగ్ ఆఫీసరు కటక్ నుంచి వచ్చిన ఒరియా పెద్దమనిషి. తెలుగువాళ్ళ బూతని తెలిసి, ముందురోజు హోటల్లో కూర్చుని రెండు ముక్కలు తెలుగు నేర్చుకున్నాడు. పాపాయమ్మ వేలికి సిరా పూయించి, కాగితం ఇచ్చి, పెట్టె చూపించి ఆప్యాయంగా అన్నాడు: "ఒట్టు వెయ్యి, మౌసీ."

పాపాయమ్మకి సందేహమేం రాలేదు. పెట్టె మీద చెయ్యి పెట్టింది. "ఈ పెట్టి మీద ఒట్టు. నా పేరు పాపాయమ్మే. దొంగపేరు కాదు."

"హఁ హఁ, ఒట్టు వెయ్యి."

"ఏసేను గదా బాబూ! ఎన్నిమాట్లెయ్యాలి? గవర్మెంటోరికి ఒక్క ఒట్టు సాలదేటి?"

క్యూ ఆగిపోయింది. గోవిందరావు లేచి, ఒత్తు ఒకటి తీసి దీర్ఘం ఒకటి పెట్టి, ఇద్దరికీ అర్థం చెప్పాల్సొచ్చింది. ఆవిడ తెర వెనక్కి వెళ్ళి చాలాసేపు ఉంది. కొంగుతో ముక్కు చీదుకుంటూ బయటికొచ్చింది. భక్తి అనుకున్నాడు గోవిందరావు.

మర్నాడు లెక్కింపు. తెలుగు లైను పెట్టె విప్పారు. పోలయినవి నూట పద్దెనిమిది. గొడుగు నూట పదిహేడు. దీపం ఒకటి.

"ఒకటా!" అన్నారు జగ్గారావుగారు. దాని తరవాత ఆయనన్నవి అచ్చులో పెట్టే మాటలు కావు. ఆ ఒక్క బూతుతోనే వార్డు పోయింది. లారీలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

గోవిందరావు సైకిలెక్కి నేరుగా తెలుగు లైనుకి పోయాడు. ముందు చిలకమ్మ తగిలింది.

"అమ్మవారంటే భయం లేదా మీకు? ఒట్టేసి తప్పుతారా?"

"మావెక్కడేసేం బాబూ ఒట్టు?" అంది చిలకమ్మ. "మీరలా ఎల్లగానే మావందరం పాపాయత్తని తిట్టిపోసేం. అప్పుడంది. 'ఓసి ఎర్రిమొకాల్లారా, ఒట్టు నాది, ఓట్లు మీయి. గొడుక్కేసి ఇల్లు నిలబెట్టుకోండి. అమ్మోరికి కోపమొత్తే నాను సూసుకుంటాను' అని. మరి నువ్వో అత్తా, నువ్వూ గొడుక్కే ఎయ్యీ అంటే ఒప్పలేదు. ఒట్టేసీసేను గదే అనీసి, ఏడుసుకుంటా ఎల్లి దీపానికేసొచ్చింది. అదిగో, మా పిల్లకి కసాయం పట్టడానికొచ్చి ఇక్కడే ఉన్నాది."

గోవిందరావు తల తిప్పాడు. చిలకమ్మ ఇంటి కిటికీలోంచి రెండు కాళ్ళు బయటికొస్తున్నాయి. వాటి వెనకే పాపాయమ్మ. కుడి అరచేతికి పసుపు ముద్ద వేసి గుడ్డ కట్టి ఉంది.

అతనికి ఊరికే వెళ్ళిపోడానికి పరువు ఒప్పుకోలేదు. దగ్గరికెళ్ళి, పడిపోకుండా జబ్బ పట్టుకుని కిందికి దింపి, వీలైనంత కోపంగా అన్నాడు.

"అది కాదు పాపాయమ్మా, వీధి వీధంతా కలిపి నాకు ఒక్కటంటే ఒక్క ఓటా?"

"ఏసిన ఒట్టు ఒక్కటే గదా బాబూ!"