‘నేనే’ అంటే తలుపు తీయని సార్

సార్ పోయారన్న కబురు తుర్కయాంజాల్ దగ్గర షేర్ ఆటోలో ఉండగా వచ్చింది. ఆయన భార్య, మా మేడమ్, ఫోన్ చేసి, “మీ సార్ పోయిండు బిడ్డా” అని పెట్టేశారు. ఆటో దిగి, ఇబ్రహీంపట్నం బస్సు కోసం రోడ్డు దాటాను. ఏడుపు రాలేదు. చాన్నాళ్లుగా దవాఖాన చుట్టూ తిరిగి అందరం అలసిపోయి ఉన్నాం.

శేరిగూడ కాలేజీలో ఆయన మాకు కంప్యూటర్లు చెప్పారు. రిటైరయ్యాక, నేను పనిచేసే చిన్న కంపెనీకి సలహాలిచ్చేవారు. మేం చేసేది రక్తపరీక్షల ల్యాబుల్లో రిపోర్టులు తీసే సాఫ్ట్‌వేర్. దాన్ని ఎక్కించడానికి వెళ్లే మావాళ్లకు ఒక పాడు అలవాటుంది. మాటిమాటికీ పాస్‌వర్డ్ అడిగితే ల్యాబువాళ్లు విసుక్కుంటారని, ఎవరైనా ఏ ఫైలైనా పడేయగల ఫోల్డర్‌లో పెట్టి వచ్చేస్తారు.

సాఫ్ట్‌వేర్ అన్ని పనులూ తనే చేసుకోదు. ప్రింటు తీయాలంటే ఆ పని తెలిసిన ఇంకో ఫైలును, అంటే లైబ్రరీని, పేరు పెట్టి పిలుస్తుంది. అసలు ఫైలు ఉండేది విండోస్ సొంత ఫోల్డర్‌లో. మాది మాత్రం ముందు తన ఫోల్డర్‌లోనే వెతుక్కునేది. ఎవడైనా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అదే పేరుతో దొంగ ఫైలు అక్కడ పెడితే, దాన్నే నమ్మి లోపలికి రానిస్తుంది. ఇక ఎవరి ఒంట్లో షుగర్ ఎంతుందో రాసేది ఆ దొంగే.

ఎవరో తేల్చుకోకుండా దేన్నీ లోపలికి రానివ్వొద్దన్నది సార్ పట్టుదల, ఇంట్లోనూ అంతే. తలుపు కొట్టి ‘నేనే’ అంటే తీసేవారు కాదు. “నేనే అంటే ఎవరు? పేరు జెప్పు, యాడికెల్లి వచ్చినవో జెప్పు” అనేవారు. కూరగాయల సంచీతో గుమ్మం బయట నిలబడి మేడమ్ తిట్టిన రోజులున్నాయి. ఒకసారి నేనూ వానలో తడుస్తూ నిలబడ్డాను, ఒళ్లు మండింది. తలుపు తీశాక తువ్వాలు ఇచ్చారు, తనే టీ పెట్టారు. సారీ మాత్రం చెప్పలేదు.

మాకోసం ఆయన ఒక ఉత్తుత్తి దొంగ ఫైలు రాశారు. హాని చేయదు. సాఫ్ట్‌వేర్ మోసపోయి దాన్ని పిలిస్తే, తెర మీద చిన్న బాక్స్ తెరుచుకుని ‘నేనే, వచ్చిన’ అని చూపిస్తుంది. మొదటిసారి అది కనబడ్డప్పుడు ఆఫీసంతా నవ్వింది. మన ల్యాబులకు ఎవడొస్తాడు సార్ అని మా యజమాని కూడా నవ్వాడు.

“దొంగ నీకు ఫోన్ జేసి వస్తడా?” అన్నారు సార్.

సరిచేయడం బ్రహ్మవిద్య కాదు, ఉత్త విసుగు పని. ప్రతి లైబ్రరీనీ పేరుతో కాక పూర్తి చిరునామాతో పిలవాలి. మేం రాసినవాటికి మా డిజిటల్ సంతకం ఉందో లేదో చూడాలి. ఫోల్డర్‌లో అందరూ చేయి పెట్టకుండా కట్టడి చేయాలి. పని సగంలో ఉండగా సార్ మంచం పట్టారు. చివరిసారి చూడ్డానికి వెళితే, ఆ బాక్స్ ఇంకా వస్తోందా అని అడిగారు. వస్తోంది సార్ అన్నాను.

“రావద్దు బిడ్డా. జర చూడు.”

నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

దినాలయ్యాక ఆఫీసుకు వెళితే, కొత్త వెర్షన్ ఉన్నదున్నట్టు పంపేద్దామన్నాడు యజమాని. సరిచేయకుండా పంపనన్నాను. అరిచాడు. అరవనీలే అనుకున్నాను, వాదించే ఓపిక లేదు. మిగిలిన సగం చేసుకుంటూ పోయాను. అంతా అయ్యాక, పరీక్ష కోసం కట్టడి నేనే సడలించి, సార్ ఫైలును మా ఫోల్డర్‌లో పెట్టి ప్రింటు నొక్కాను.

రిపోర్టు మామూలుగా వచ్చింది. బాక్స్ రాలేదు. మళ్లీ నొక్కాను. రాలేదు.

సార్ అడిగింది అదే. సంతోషపడాల్సింది. అప్పుడొచ్చింది ఏడుపు. ప్రింటర్ ఆగిపోయాక కూడా ఆ తెర వైపే చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి ‘నేనే, వచ్చిన’ అని కనబడి ఉంటే, ఎవరని అడక్కుండా తలుపు తీసేదాన్ని.