ఏడంతస్తుల మేడ కింద పాపమ్మ

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నరసరావుపేటలో వేరుశెనగ నూనెకూ పొగాకుకూ ఎక్కడలేని గిరాకీ వచ్చింది. నిన్నటిదాకా పెంకుటింటి అరుగు మీద తూకాలు వేసుకున్న వ్యాపారులు ఇళ్లు పీకి మేడలు లేపడం మొదలుపెట్టారు. ఏ వీధిలోకి వెళ్లినా ఇసుక గుట్టలు, తడి సున్నం వాసన. ఆ మేడలకు ఇటుకా సున్నమూ మోసిన తలల్లో పాపమ్మది ఒకటి.

పాపమ్మది గురజాల పక్క ఊరు. నాపరాళ్ల గనుల దగ్గర పుట్టింది. రాయి ఎత్తితే గాని రొట్టె దొరకని ఇల్లు. పెళ్లయ్యాక భర్త యేసుపాదంతో పేటకు వచ్చింది. యేసుపాదానికి ఒక ఎర్రెద్దు ఉండేది. దాన్ని సున్నం రుబ్బే గానుగకు కట్టి పొద్దస్తమానం తిప్పేవాడు. ఎద్దు గుండ్రంగా తిరిగేది, పాపమ్మ పైకీ కిందికీ తిరిగేది, ఆయన మధ్యలో నిలబడి ఇద్దరినీ అదిలించేవాడు. పాపమ్మ పొట్టి మనిషి, మెడ మాత్రం నిటారు. తట్ట కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు తీసేది కాదు. ఒక ఆదివారం గుళ్లో అలాగే మోకరిల్లితే, పాదిరిగారు ప్రార్థన ఆపి, అది తీసేదాకా ఊరుకున్నారు.

ఒక యేడు నూనె మిల్లు రోశయ్య గారు సరుకు పనిమీద బొంబాయి వెళ్లొచ్చారు. పోయిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. రైలు దిగీ దిగగానే తాపీ మేస్త్రీ అలీ సాహెబ్‌ను పిలిపించారు.

"భూమి ఒక్కసారే కొంటాం మేస్త్రీ, ఆకాశం ఊరికే వచ్చుద్ది," అన్నారు. "అక్కడ సముద్రం ఒడ్డున మేడ మీద మేడ లేపేస్తన్నారు. రోజుకో కొత్తది. అమెరికాలో అయితే నూరంతస్తులంట! ఒకడి మీద ఒకడు కాపరం. అందరూ అద్దె కడతారు. ఇన్నాళ్లూ మనం ఆకాశాన్ని కాకులకొదిలేశాం."

అలీ సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. "ఇనుమూ సిమెంటూ యుద్ధానికి పోతన్నయ్యి. మనకున్నది రాయీ సున్నమూ. పైన బరువు పెరిగే కొద్దీ కింద గోడ లావు చెయ్యాల."

"చెయ్యి. గోడకేం అన్నం పెట్టాలా?"

అలా బజారు వీధిలో రోశయ్య గారి మేడ మొదలైంది. మొదట కింద గదులు, పైన ఒక అంతస్తు. కాపలాకు ఉంటారని పాపమ్మనూ యేసుపాదాన్నీ కింద గదిలో ఉండనిచ్చారు. గచ్చు నేల, నాలుగు వైపులా గోడ. పాపమ్మకు పుట్టి బుద్ధెరిగాక అంత గట్టి ఇల్లు ఇదే.

పై అంతస్తులోకి ప్లీడరు సుబ్బారావు గారు చేరారు. మిగిలిన కింది గదుల్లోకి మాత్రం ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లు గోడలు చూసేవారు, బావి చూసేవారు, చివర్లో తల పైకెత్తి ఒకే మాట అడిగేవారు.

"పైన ఎవరుంటారు?"

"ప్లీడరు గారు."

"అంటే ఆయన కాళ్లు మా దేవుడి గూటి మీద తిరుగుతాయన్నమాట," అని చెప్పులు తొడుక్కునేవారు.

ఒకరోజు పొగాకు వ్యాపారి పెదకోటయ్య గారు వచ్చారు. "సుబ్బారావు మీద ఇంకో అంతస్తు వెయ్యి రోశయ్యా, నేను వస్తా," అన్నారు. ఒక కాపురం కాస్తా రెండవుతుందని రోశయ్య గారు సంబరపడ్డారు. పాపమ్మ తట్ట ఎత్తింది, ఎద్దు తిరిగింది, అంతస్తు లేచింది. పెదకోటయ్య గారు సామాను చేర్పించిన రోజు సాయంత్రమే సుబ్బారావు గారు గొడుగు పట్టుకుని కిందికి దిగారు.

"నేను కాగితాలు చూసుకునే చోట సరిగ్గా నా నడినెత్తి మీద పొగాకు వ్యాపారి పడక కుర్చీ వేసుకున్నాడు. ఖాళీ చేస్తున్నా."

రోశయ్య గారు బతిమాలారు. సుబ్బారావు గారు వెళ్లిపోయారు గాని, పొగాకు వ్యాపారి మేడ మీద, తాను అద్దె పెంకుటింట్లో ఉండటం ఆయనకు నిద్రపట్టనివ్వలేదు. పంట చేతికొచ్చే వేళకు కబురు పెట్టారు: పెదకోటయ్య మీద ఇంకో అంతస్తు వేస్తే తిరిగి వస్తానని. వేశారు. వచ్చారు. పెదకోటయ్య గారు ఖాళీ చేశారు. తర్వాత ఆయన కబురు పెట్టారు. మళ్లీ వేశారు.

మేడ ఎంత పెరిగినా అందులో పైన ఒకే కాపురం ఉండేది. కింద అన్నీ ఖాళీ. ఊళ్లోవాళ్లకు ఆ సంగతి తెలియదు. రోశయ్య అయిదో అంతస్తు వేస్తున్నాడంటే అద్దెలు ఏ లెక్కన రాలుతున్నాయో అనుకుని తక్కిన వ్యాపారులూ పోటీ పడి అంతస్తులు వేయించారు. చివరికి పేటలో గదులన్నీ గబ్బిలాలకూ పావురాలకూ నిండిపోయాయి. పాపమ్మకు మాత్రం పని దొరకని రోజు లేదు.

పైన అంతస్తు పెరిగినప్పుడల్లా అలీ సాహెబ్ కింద గోడను లోపలి వైపు లావు చేసేవాడు. బయట వీధి, అటు పెంచే వీలు లేదు. మొదట్లో పాపమ్మ గదిలో మంచం అడ్డంగా పట్టేది. మూడో అంతస్తుకు నిలువుగా వేసుకున్నారు. నాలుగో అంతస్తుకు మంచం వీధిలోకి పోయింది, చాప వచ్చింది. అయిదుకు ఒకరు లోపలికి రావాలంటే ఒకరు బయటికి పోవాల్సి వచ్చింది. మొగుడూ పెళ్లాం పోట్లాడుకోవాలన్నా ఒకరు వీధిలో నిలబడి పోట్లాడాలి. దాంతో ఇంటి సంగతులన్నీ బజారుకు తెలిసిపోయేవి.

"పాపమ్మా, రేపు ఇంకో జానెడు లోపలికి వస్తన్నా," అనేవాడు అలీ సాహెబ్ మొహమాటంగా.

"రా అన్నా. నేనే కాస్త సన్నపడతాలే," అనేది పాపమ్మ.

"నెత్తిమీద ఇంత బరువు పెట్టుకుని పడుకుంటన్నావు, భయంగా లేదా?"

"పొద్దంతా మోసేది అదే నెత్తి. రేతిరి పూట గోడలు మోస్తన్నయ్యి. ఇంకేం గావాల?"

ఏడో అంతస్తు పూర్తయిన రోజున రోశయ్య గారు పాపమ్మను పక్కకు పిలిచారు. ఆయనకు ఒక ఇబ్బంది ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. మొదటి అంతస్తు మెట్లు సగం ఎక్కేసరికి కళ్లు తిరుగుతాయి. తన మేడ పైభాగం ఆయన ఇంతవరకూ చూడలేదు.

"ఏమే పాపమ్మా, పైకి పోయి చుట్టూ చూసి రా. ఏమేం కనపడతన్నయ్యో నాకు చెప్పు. ఎవరితో అనమాక."

పాపమ్మ బయలుదేరింది. అన్ని మెట్లూ ఆమె మోసిన మెట్లే. కానీ తట్ట లేకుండా ఎక్కడం అదే మొదలు. మెడ తనంతట తానే బిగుసుకుంటోంది. చెయ్యి తట్టను పట్టుకోవడానికి పైకి లేస్తోంది, గాలి దొరికి కిందికి దిగుతోంది. నెత్తిన బరువు లేక తూలిపోతానేమోనని రెండుసార్లు గోడ పట్టుకుంది. చివరికి మలుపులో మిగిలిన ఒక ఇటుక నెత్తిన పెట్టుకున్నాక గాని కాళ్లు సరిగ్గా పడలేదు. పైన నిలబడి నాలుగు వైపులా చూసింది. ఇన్నేళ్లు ఎక్కింది గాని తల తిప్పి చూసింది లేదు. గురజాల వైపు తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. అయినా అటే చానాసేపు చూసింది.

కిందికి రాగానే రోశయ్య గారు ఆత్రంగా అడిగారు. "ఏం కనపడింది?"

"కోటప్పకొండ కనపడింది అయ్యగారూ. రైలుపట్టా కనపడింది. మీ మిల్లు కనపడింది."

"ఎట్టుంది మిల్లు?"

"అగ్గిపెట్టంతుంది."

రోశయ్య గారి మొహం వాడిపోయింది. ఆ సాయంత్రం ఆయన భోజనం చేయలేదట.

ఏడో అంతస్తు ప్లీడరు గారికీ కావాలి, పెదకోటయ్య గారికీ కావాలి. ఎనిమిదో అంతస్తు కోసం కింద గోడ ఇంకా లావు చేస్తే పాపమ్మ గది పూర్తిగా గోడలో కలిసిపోతుందని అలీ సాహెబ్ తాపీ కింద పెట్టేశాడు. అందుకని ఉన్న అంతస్తుకే నడిమిన గోడ పెట్టి చెరిసగం ఇచ్చారు. సుబ్బారావు గారు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టించారు. పెదకోటయ్య గారు మర్నాడే ఇంకో వరస ఎక్కువ పెట్టించారు. ఇద్దరూ పైకప్పుకు ముక్కు తగిలేలా పడుకుంటున్నారని ఇటుకలు మోసిన పాపమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంతలో అసలు కష్టం బయటపడింది. కక్షిదారులు ఏడంతస్తులు ఎక్కి రావడం మానేశారు. సుబ్బారావు గారే దిగీ ఎక్కీ మోకాళ్లు వాచిపోయి, ఇల్లు మారతానన్నారు. రోశయ్య గారికి బొంబాయి మళ్లీ గుర్తొచ్చింది.

"అక్కడ మనుషుల్ని పైకి లాగే పెట్టె ఉంది. లిఫ్టంటారు. మనమూ పెడదాం."

పైన గిలక బిగించారు. మోకు ఒక కొసకు చేతుల కుర్చీ కట్టారు, రెండో కొస యేసుపాదం ఎద్దు కాడికి కట్టారు. ఎద్దు వీధి వెంట తిన్నగా నడిస్తే కుర్చీ పైకి లేస్తుంది. మొదటి ప్రయాణానికి సుబ్బారావు గారు కోటు తొడుక్కుని, గొడుగు పట్టుకుని కూర్చున్నారు. వీధి వీధంతా నోరు తెరుచుకుని చూసింది. కుర్చీ ఒకటో అంతస్తు దాటింది, రెండు దాటింది. జనం ఈలలు వేశారు.

కాని ఆ ఎద్దు పుట్టి బుద్ధెరిగాక తిన్నగా నడిచిన పాపాన పోలేదు. కొంత దూరం పోయాక దానికి గానుగ గుర్తొచ్చింది. మెల్లగా పక్కకు ఒరిగి, వీధి దీపం స్తంభం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. యేసుపాదం అరిచేలోపు మోకు స్తంభానికి చుట్టలు చుట్టుకుని బిగుసుకుపోయింది. ఎద్దు ఆగింది. కుర్చీ నాలుగో అంతస్తు కిటికీ ముందు ఆగింది.

"వెనక్కి నడిపించరా!" అని పైనుంచి కేక.

"అది వెనక్కి నడవదు బాబూ! మోకు కోస్తే మీరు కింద పడతారు!"

ఎండ నడినెత్తికి వచ్చింది. కక్షిదారు ఒకడు కోర్టు నుంచి పరుగెత్తుకొచ్చి, "బాబూ, మన కేసు పిలిచారు!" అని అరిచాడు.

"వాయిదా అడగరా!"

"ఎందుకని చెప్పమంటారు?"

సుబ్బారావు గారు కిందికీ పైకీ చూశారు. "ప్లీడరు గారు దారిలో ఉన్నారని చెప్పు," అన్నారు చివరికి.

పాపమ్మ మెట్లెక్కి నాలుగో అంతస్తుకు పోయింది. కిటికీకి అడ్డంగా ఊచలు. అవతల గాలిలో ప్లీడరు గారు, నోరు పిడచకట్టుకుపోయి. ఆమె చేతిలో మట్టి ముంత, అందులో నీళ్లు. ఊచల సందులోంచి చెయ్యి చాపింది.

"తాగండి బాబూ."

ఆయన ముంతను చూశారు, ఆమెను చూశారు. ఆమె ఏ కులపు మనిషో ఆయనకు తెలుసు. కింద ఊరంతా తలలెత్తి చూస్తోంది.

"ఎండలో వడగొట్టుద్ది," అంది పాపమ్మ.

ఆయన ముంత అందుకున్నారు. గుక్క తిప్పుకోకుండా తాగి, మీసాలు తుడుచుకుని, "ఇంకో ముంత ఉందా పాపమ్మా?" అన్నారు. ఆమె మళ్లీ కిందికి దిగి, మళ్లీ నీళ్లతో ఎక్కింది.

అలీ సాహెబ్ కిటికీ చుట్టూ గోడ తవ్వి, చట్రంతో సహా ఊడదీసి, ప్లీడరు గారిని లోపలికి లాగేసరికి పొద్దు వాటారింది. ఆయన గచ్చు మీద పడుకుని, కోటు కూడా విప్పకుండా నిద్రపోయారు. మెలకువ వచ్చేసరికి పైన ఎవరో నడుస్తున్న చప్పుడు.

"ఎవరే పాపమ్మా అది?"

"పావురాలు బాబూ. లేకపోతే పెదకోటయ్య గారు దిగుతన్నారేమో."

"ఎవరైతే ఏంది," అని ఆయన పక్కకు తిరిగి పడుకున్నారు. ఇక ఆ నాలుగో అంతస్తు నుంచి కదల్లేదు. కిటికీ ఊడిన చోట తలుపు పెట్టించుకుని, గాలి బాగా వస్తోందన్నారు.

పెదకోటయ్య గారు ఏడో అంతస్తులో ఒక్కరే నెలరోజులున్నారు. పక్క గదిలో ఎవరూ లేరు, ఎవరి మంచం కన్నా ఎత్తుగా పడుకుంటున్నట్టో తెలియలేదు. ఒక పొద్దున ఇటుకలు దింపించేసి పెంకుటింటికి వెళ్లిపోయారు. ప్లీడరు గారే ఒకరి కింద ఉంటున్నారని తెలిశాక, మిగతావాళ్లు తల పైకెత్తి అడగడం మానేశారు. పాపమ్మ వాళ్ల గనుల ఊరి చుట్టాలు అయిదో అంతస్తులో దిగారు. వాళ్ల పిల్లలు గంతులేస్తుంటే సుబ్బారావు గారు గొడుగు కర్రతో కప్పు మీద పొడిచేవారు. పైనుంచి పిల్లలు తిరిగి దబదబా తన్నేవారు. ఆ రకంగా ఇరుగుపొరుగు కుదిరింది.

స్వాతంత్ర్యం వచ్చిన యేడు, ఊళ్లో జెండాలు కడుతున్న సందడిలో, రోశయ్య గారు కుర్చీలో తనను పైకి లాగమన్నారు. ఈసారి ఎద్దును నమ్ముకోలేదు, కూలీలే మోకు పట్టారు. పైన చెయ్యి అందివ్వడానికి పాపమ్మను ఉండమన్నారు. కుర్చీ లేచినప్పుడే ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు. పైకి వచ్చాక రెండు చేతులతో పాపమ్మ మణికట్టు పట్టుకున్నారు. కళ్లు తెరవలేదు.

"వచ్చేశామా?"

"వచ్చేశాం అయ్యగారూ."

"గాలి చానా ఉందే."

"ఉంది."

కళ్లు తెరవకుండానే మళ్లీ కుర్చీలో కూర్చుని దిగిపోయారు. కింద జనం చుట్టుముట్టారు. "ఏం కనపడింది సావుకారు గారూ?"

"గుంటూరు కనపడింది," అన్నారు రోశయ్య గారు, నుదుటి చెమట తుడుచుకుంటూ. "దాని వెనకాల సముద్రం కూడా."

ఎవరో నవ్వారు. అప్పుడే మెట్లు దిగి వస్తున్న పాపమ్మ వైపు అందరూ తిరిగారు. "నిజమేనా పాపమ్మా?"

పాపమ్మ రోశయ్య గారి వైపు చూసింది. ఆయన ఇంకా చెమటే తుడుచుకుంటున్నారు.

"అవును," అంది. "పడవలు కూడా ఉన్నయ్యి."