దండుగ, జుర్మానా, తావాన్

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు జనగామ మున్సిఫ్ కోర్టులో నన్ను ముతర్జిమ్‌గా వేశారు. ముతర్జిమ్ అంటే అనువాదకుడు. సాక్షులు తెలుగులో చెప్పింది నేను ఉర్దూలో చెప్పాలి. రికార్డుకు ఎక్కేది ఆ ఉర్దూయే. పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు.

కొడకండ్ల దిక్కు నుంచి ముత్తమ్మ అనే రైతు మహిళ వేసిన కేసు అప్పుడే విచారణకు వచ్చింది. రైతుల సంఘంలో చేరాడన్న అనుమానంతో ఆమె భర్తను దొర గుమాస్తా గడిలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, పెట్టి తాళం వేశాడు. ఆమె ఎడ్లను అమ్మి పైకం తెచ్చాకే వదిలాడు. గుమాస్తా తరఫు వకీలు మాత్రం, ఆ ఎడ్లు దొర చేను మేశాయని, ఆమె కట్టింది జుర్మానా, అంటే జరిమానా మాత్రమేనని వాదించాడు.

ముత్తమ్మ బోనెక్కి, "దండుగ గట్టిన అయ్యా" అంది. వకీలు వెంటనే లేచి, దండుగ అంటే జుర్మానాయే కదా, ఆమే ఒప్పుకుంది, రాసుకోండి అన్నాడు. మాట వరకు ఆయన చెప్పింది తప్పు కాదు. అన్యాయంగా పోగొట్టుకున్న సొమ్మునూ పల్లెల్లో దండుగే అంటారు. జుర్మానా అని రాస్తే కేసు అక్కడితో పోతుంది. సాక్షి మాటను మార్చే అధికారం నాకు లేదు. ఆమె ఏ అర్థంలో అన్నదో అడగనివ్వమని మున్సిఫ్ గారిని కోరాను. సరేనన్నారు.

"ఏం తప్పుకు దండుగ గట్టినవమ్మా?" అని అడిగాను.

గుమాస్తా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఆమె అతని వైపు తిరిగే జవాబు చెప్పింది. "తప్పేం జెయ్యలే. మా ఎడ్లు ఆ చేను దిక్కే పోలే. పైసలు దెస్తెనే నీ పెనిమిటిని ఇడుస్త అన్నడు. తెచ్చిన, ఇడిచిండు. గంతే."

గడివాళ్ల ముఖం చూస్తూ అలా చెప్పిన సాక్షిని నేను అంతకుముందు చూడలేదు.

అయితే ఉర్దూలో అది తావాన్ అవుతుందని మున్సిఫ్ గారితో అన్నాను. వకీలు దానికీ అడ్డుపడ్డాడు, తావాన్ అంటే నష్టపరిహారమన్నాడు. అదీ నిజమే. ఫారసీ నుంచి వచ్చిన ఆ మాట నష్టానికి కట్టే సొమ్ముకూ చెల్లుతుంది, బందీని విడిపించుకోవడానికి ఇచ్చే పైకానికీ చెల్లుతుంది. మున్సిఫ్ గారు ఆమె పలికిన 'దండుగ'ను ఉర్దూ లిపిలో ఉన్నదున్నట్టు రాయించారు. దాని కింద ఆమె చెప్పిన మాటలన్నీ రాయించి, ఆ తర్వాతే తావాన్ అని, అది బందీని విడిపించుకునే పైకం అనే అర్థంలోనని కూడా చేర్చారు. గుమాస్తాకు శిక్ష పడింది, ముత్తమ్మ పైకం ఆమెకు తిరిగి వచ్చింది.

తర్వాత మహబూబాబాద్‌లోనూ పనిచేశాను. ఒక మాటకు రెండు అర్థాలున్నప్పుడు అనువాదకుడు తనంతట తాను ఒకటి ఎంచుకోకూడదు, పలికిన మనిషినే అడగాలి. ఉద్యోగం వదిలేదాకా నేను అదే పద్ధతి పాటించాను.