చర్లకు చేరని కబురు

మా ప్రాంతపు అటవీ ఉత్పత్తుల కంపెనీలో నేను ఆరేళ్లు డైరెక్టర్‌గా ఉన్నాను. ప్రభుత్వానికీ ఊళ్లకూ వాటాలున్న కంపెనీ అది. ఇప్పపువ్వు, చింతపండు, తేనె కొని అమ్మేది. ఎర్రుపాలెం నుంచి భద్రాచలం వెళ్లి మీటింగులో కూర్చోవడం, మేనేజర్ చెప్పింది విని సంతకం పెట్టడం, అంతవరకే నా పని. చదువుకున్నదాన్ని, నలుగురిలో మాట్లాడడం తెలిసినదాన్ని కాబట్టి తర్వాతి చైర్మన్ నేనేనని అందరూ అనేవారు. నేనూ అనుకున్నాను.

అప్పుడు చర్ల అవతలి అడవి పల్లె నుంచి ఒకామె కొత్త డైరెక్టర్‌గా వచ్చింది. తునికాకు కోసుకుని బతికే మనిషి. మొదటి మీటింగులోనే లేచి, "సారూ, మేం ఎర్రగ తెచ్చిచ్చిన చింతపండు మీ గోదాంల నల్లగైంది, ఏంది?" అని మేనేజర్ని అడిగింది. అందరం లేచి గోదాముకు వెళ్లాం. పైకప్పు కారుతోంది. ఆరేళ్లలో నేను ఒక్కసారీ ఆ తలుపు దాటలేదు.

ఆ రోజు నుంచి ఏ మాట వచ్చినా అందరి చూపూ ఆమె వైపే. నా కడుపు మండిపోయేది. ఆ గట్టి గొంతు వింటేనే తలనొప్పి వచ్చేది.

ఒకసారి మీటింగు అనుకున్న తేదీకి వారం ముందే పెట్టారు. డైరెక్టర్లకు చెప్పే పని నాకు అప్పగించారు. ఆమె ఊళ్లో ఫోను కలవదు, చర్ల బస్సు కండక్టర్‌తో కబురు పంపాలి. భద్రాచలం బస్టాండు దాకా వెళ్లాను. బస్సు కదిలేదాకా చూస్తూ నిలబడ్డాను. చెప్పలేదు.

ఆమె లేని ఆ మీటింగులోనే చర్ల కొనుగోలు కేంద్రం మూసేయాలని తీర్మానం చేశారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తర్వాతి మీటింగుకు ఆమె వచ్చింది. "అక్కా, నాకు కబురెందుకు పెట్టలే?"

"ఫోన్ కలవలేదమ్మా."

"అవ్, మా దిక్కు టవర్ ఎక్కడిది? నువ్వేం చేస్తవ్ తియ్," అంటూ నా చెయ్యి పట్టుకుంది. "మా ఆడోళ్లు గంపలు నెత్తిన పెట్టుకొని వచ్చి, తాళం చూసి మళ్లిపోయిన్రు."

తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. మీటింగు మొదలవగానే లేచాను.

"కబురు పంపనిది నేనే. కావాలనే పంపలేదు. ఆ తీర్మానం మళ్లీ చర్చకు పెట్టండి."

ఆమె తల వంచుకుని బల్లకేసి చూస్తూ ఉండిపోయింది. చివరికి తీర్మానం రద్దయింది, కేంద్రం తెరిచారు. ఏడాది తిరిగేసరికి ఆమే చైర్మన్ అయింది.

ఇప్పుడు నాతో పనిమాట తప్ప మాట్లాడదు. టీ తాగేటప్పుడు మిగతా ఆడవాళ్ల మధ్య కూర్చుని పకపకా నవ్వుతుంది. నేను దూరంగా కూర్చుని, ఆమెను కాదు, ఆమె పక్కనున్న వాళ్లను చూసి కుళ్లుకుంటాను.